పాస్ట్‌లో చెప్పేటప్పుడు ఇంగ్ ఫామ్ ఎక్కడ పెట్టాలి, వాజ్ ఎక్కడ పెట్టాలి

వైజాగ్‌లో ద్వారకానగర్ వైపు ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు కనిపిస్తుంది, ఎక్కడ చేరినా మొదటి వారంలోనే పన్నెండు టెన్సుల టేబుల్ వేయించి ఐ వాజ్ గోయింగ్, యు వర్ గోయింగ్ అని అప్పజెప్పిస్తారు, పిల్లలు కూడా గడగడా అప్పజెప్పేస్తారు. ఒక్క పని గురించి ఒక్క వాక్యం అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు పనులు కలిపి చెప్పాల్సి వచ్చినప్పుడే అసలు గొడవ మొదలవుతుంది. "నేను కాలేజీకి వెళ్తున్నప్పుడు మద్దిలపాలెంలో యాక్సిడెంట్ చూశాను" అని చెప్పమంటే పది మందిలో సగం మంది "వెన్ ఐ గోయింగ్ టు కాలేజ్, ఐ సా ఏన్ యాక్సిడెంట్" అనేస్తారు. టేబుల్ రాకనా అంటే కాదు, వచ్చు. మరెందుకు వాజ్ ఎగిరిపోతోంది?

ఎందుకంటే మన "వెళ్తున్నప్పుడు" అనే మాటలో టైమే లేదు. నిన్న వెళ్తున్నప్పుడు చూశాను, రోజూ వెళ్తున్నప్పుడు చూస్తాను, రేపు వెళ్తున్నప్పుడు చూస్తాను, మూడింటికీ ఒకే మాట సరిపోతుంది, టైమ్ చెప్పే పని చివర వచ్చే "చూశాను" చూసుకుంటుంది. ఇంగ్ ఫామ్ కూడా అచ్చం ఇంతే, మన గ్రామర్ సార్లు వి ఫోర్ అంటారే, అదే. గోయింగ్, ఈటింగ్, వెయిటింగ్, వీటికి సొంతంగా పాస్టూ లేదు ప్రెజెంటూ లేదు, ఇంజిన్ లేని బోగీ లాంటివి, ఏ ఇంజిన్ తగిలిస్తే అటు పోతాయి. యామ్ తగిలిస్తే ఇప్పటికి, వాజ్ తగిలిస్తే అప్పటికి. ఇంతవరకు తెలుగూ ఇంగ్లిషూ ఒకటే. తేడా ఎక్కడంటే ఇంగ్లిష్‌లో వెన్, వైల్, యాజ్ లాంటి మాట తర్వాత ఐ, హి, మై ఫాదర్ అని కర్తను పెట్టారంటే అక్కడ టైమ్ చెప్పే వెర్బ్ ఒకటి ఉండి తీరాలి. దాన్నే సబార్డినేట్ క్లాజ్ అంటారు, పేరు గుర్తు పెట్టుకోకపోయినా పర్లేదు.

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఇది: కర్త ఉంటే వాజ్ ఉండాలి, వాజ్ వద్దనుకుంటే కర్తని కూడా తీసెయ్యాలి. "వెన్ ఐ వాజ్ గోయింగ్ టు కాలేజ్, ఐ సా ఏన్ యాక్సిడెంట్", ఇది కరెక్ట్. "వైల్ గోయింగ్ టు కాలేజ్, ఐ సా ఏన్ యాక్సిడెంట్", ఇదీ కరెక్టే. ఐ పెట్టి వాజ్ మింగేసిన మూడోదే తప్పు. బిఫోర్, ఆఫ్టర్‌తో కూడా ఇదే లెక్క, "బిఫోర్ ఐ లెఫ్ట్ ద హౌస్, ఐ స్విచ్డ్ ఆఫ్ ద గీజర్" అనొచ్చు, "బిఫోర్ లీవింగ్ ద హౌస్" అనొచ్చు, "బిఫోర్ ఐ లీవింగ్" అనకూడదు, "బిఫోర్ లెఫ్ట్" అస్సలు అనకూడదు. ఈ ఒక్కటి సర్దుకుంటే ఆఫీస్ మెయిల్స్‌లో వచ్చే తప్పులు చాలావరకు పోతాయని నా నమ్మకం.

ఇప్పుడు రెండు పనుల్లో దేనికి ఇంగ్ పెట్టాలి, దేనికి ఉత్త పాస్ట్ పెట్టాలి అన్నది. దీనికి వైజాగ్ వాళ్లకి హుద్‌హుద్ తుఫాను కంటే మంచి ఉదాహరణ ఉండదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు ఇక్కడున్న ఎవరిని అడిగినా అప్పుడు నేను ఫలానా చోట ఉన్నా, ఫలానా పని చేస్తున్నా అని చెప్తారు. సాగుతున్న పని మీద ఒక్కసారిగా ఇంకో పని వచ్చి పడటం, పాస్ట్ కంటిన్యువస్ పుట్టిందే దీని కోసం. "వి వర్ సిటింగ్ ఇన్ ద కిచెన్ వెన్ ద విండో బ్రోక్." కూర్చుని ఉండటం అప్పటికే నడుస్తోంది, దానికి వర్ సిటింగ్. అద్దం పగలడం టక్కున అయిపోయింది, దానికి బ్రోక్. సాగే పనికి ఇంగ్, టక్కున అయిపోయే పనికి సింపుల్ పాస్ట్. వెన్ బదులు వైల్ వాడాలనుకుంటే అది సాగే పని ముందుకి వెళ్తుంది, "వైల్ వి వర్ సిటింగ్ ఇన్ ద కిచెన్, ద విండో బ్రోక్." వైల్ తీసుకెళ్లి బ్రోక్ ముందు పెడితే కుదరదు, అద్దం పగిలేది ఒక్క క్షణం, ఆ క్షణం "పొడుగునా" ఏం జరగగలదు?

రెండూ పక్కపక్కనే సాగుతున్న పనులైతే రెండింటికీ ఇంగ్ పెట్టేయండి. "వైల్ ఐ వాజ్ కుకింగ్, హి వాజ్ వాచింగ్ క్రికెట్." ప్రతి ఇంట్లోనూ పనికొచ్చే వాక్యం ఇది, ఇంతకంటే దీని గురించి చెప్పేదేం లేదు.

అసలు నిలబడి చూడాల్సింది ఇంకోటి ఉంది. మావయ్య ఇంటికొచ్చాడు, ఇంట్లో టీ సంగతి. మూడు వాక్యాలు చూడండి.

"వెన్ మావయ్య కేమ్, ఐ మేడ్ టీ."
"వెన్ మావయ్య కేమ్, ఐ వాజ్ మేకింగ్ టీ."
"వెన్ మావయ్య కేమ్, ఐ హ్యాడ్ మేడ్ టీ."

మొదటి భాగం మూడింట్లోనూ ఒకటే, కేమ్ అన్నది మారలేదు. కానీ మొదటిదాంట్లో ఆయన వచ్చాకే స్టవ్ వెలిగింది, వచ్చాడు కదా అని టీ పెట్టాను అని. రెండోదాంట్లో ఆయన చెప్పులు విప్పేటప్పటికి పాలు పొంగుతున్నాయి, ఆయన కోసం పెట్టానో నాకోసం పెట్టుకున్నానో ఈ వాక్యం చెప్పదు. మూడోదాంట్లో టీ పెట్టేయడం అయిపోయింది, కప్పులో పోసి ఇవ్వడమే తరువాయి. అంటే సింపుల్ పాస్ట్ పక్కన సింపుల్ పాస్ట్ పెడితే ఒకదాని తర్వాత ఒకటి, సింపుల్ పాస్ట్ పక్కన ఇంగ్ పెడితే ఇంగ్‌ది ముందే మొదలై ఇంకా అవ్వలేదు, హ్యాడ్ పెడితే ముందే అయిపోయింది. మనవాళ్లు చాలామంది "వెన్ హి కేమ్, ఐ వాజ్ గివింగ్ టీ" అంటుంటారు, "వస్తే టీ ఇచ్చాను" అన్న ఉద్దేశంతో. వినేవాళ్లకి మాత్రం ఆయన గుమ్మంలోకి వచ్చేసరికే మీరు ఇంకెవరికో టీ అందిస్తున్నట్టు వినిపిస్తుంది. పాస్ట్ కదా అని ప్రతిదానికీ వాజ్ ప్లస్ ఇంగ్ పెట్టేయకండి, వాజ్ ఇంగ్ అంటే "అప్పటికింకా అవ్వలేదు" అని అర్థం, ఇంటర్వ్యూలో "ఐ వాజ్ కంప్లీటింగ్ మై బీటెక్ ఇన్ 2021" అని చెప్తే అవతలాయనకి పాసయ్యారో లేదో అని డౌట్ వస్తుంది. "ఐ కంప్లీటెడ్" అంటే సరిపోయేదానికి ఎందుకొచ్చిన అనుమానం.

దీనికి తోడబుట్టిన తప్పు ఇంకోటుంది. "చిన్నప్పుడు రోజూ ఆర్‌కే బీచ్‌కి వెళ్తూ ఉండేవాణ్ణి." ఇందులో "వెళ్తూ" కనిపించగానే చెయ్యి ఇంగ్ మీదకి పోతుంది, "వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ వాజ్ గోయింగ్ టు ద బీచ్ డైలీ" అని వచ్చేస్తుంది. కాదు. అలవాటుకి ఇంగ్ వద్దు, "ఐ యూజ్డ్ టు గో టు ద బీచ్ ఎవ్రీ డే" అనండి, లేకపోతే ఉత్త "ఐ వెంట్ టు ద బీచ్ ఎవ్రీ డే" అన్నా చాలు. "-తూ ఉండేవాణ్ణి" కనిపిస్తే యూజ్డ్ టు, "-తూ ఉన్నాను, అంతలో" అని వస్తే వాజ్ ఇంగ్. "అంతలో" అనే మాట వాక్యంలో ఎక్కడైనా దూరుతుందేమో చూసుకోండి, దూరితే ఇంగ్ పెట్టొచ్చు, దూరకపోతే అనుమానించండి.

కొన్ని వెర్బులకి వాజ్ ఇంగ్ అసలు పడదు. నో, బిలీవ్, లైక్, నీడ్, ఓన్, ఇవి పనులు కావు, స్థితులు. "వెన్ ఐ మెట్ హిమ్, ఐ వాజ్ నోయింగ్ హిజ్ బ్రదర్" అనకూడదు, "ఐ న్యూ హిజ్ బ్రదర్" అనాలి. హ్యావ్‌తో మరీ ఎక్కువ, "వెన్ ఐ జాయిన్డ్ దిస్ కంపెనీ, ఐ వాజ్ హ్యావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అని రెజ్యూమేలో రాసేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ "ఐ హ్యాడ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్". కానీ "వెన్ హి కాల్డ్, ఐ వాజ్ హ్యావింగ్ లంచ్" మాత్రం కరెక్టే, ఎందుకంటే అక్కడ హ్యావ్ అంటే తినడం, అది పనే కదా. ఇంకా చిత్రం ఏంటంటే వాజ్ నోయింగ్ పనికిరాదు గానీ వాజ్ లేకుండా నోయింగ్ పనికొస్తుంది, "నాట్ నోయింగ్ ద వే, ఐ ఆస్క్డ్ ఏన్ ఆటో డ్రైవర్." దారి తెలియక ఆటో ఆయన్ని అడిగాను.

సరే, వాజ్ లేని ఇంగ్ గురించి ఇప్పుడు వివరంగా. నాకైతే మొత్తం సబ్జెక్టులో ఇదే ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కడ తెలుగు తెలిసినవాడికి గ్రామర్ పుస్తకం అక్కర్లేదు, నోట్లోనే రూల్ ఉంది. ఈ రెండు చూడండి:

బీచ్ రోడ్డులో నడుస్తూ ఐస్‌క్రీమ్ తిన్నాను.
బీచ్ రోడ్డులో నడుస్తుంటే వాన మొదలైంది.

మొదటిదాంట్లో నడిచింది నేనే, తిన్నదీ నేనే, అందుకే "నడుస్తూ". రెండోదాంట్లో నడిచింది నేను, మొదలైంది వాన, మనుషులు మారారు, అందుకే "నడుస్తుంటే". "నడుస్తూ వాన మొదలైంది" అని ఏ తెలుగువాడూ అనడు, అంటే వాన నడిచినట్టు ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉత్త ఇంగ్ మన "తూ"తో సమానం. ఇద్దరు కర్తలూ ఒకరే అయితేనే వాడాలి. "వాకింగ్ అలాంగ్ ద బీచ్ రోడ్, ఐ ఏట్ ఏన్ ఐస్‌క్రీమ్." కర్త మారితే మన "తుంటే" వస్తుంది, దానికి ఇంగ్లిష్‌లో కర్తతో సహా మొత్తం క్లాజ్ కావాలి, "యాజ్ ఐ వాజ్ వాకింగ్ అలాంగ్ ద బీచ్ రోడ్, ఇట్ స్టార్టెడ్ టు రెయిన్."

ఇక్కడ పడిపోయేవాళ్లలో ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఉంటారు. "వాకింగ్ అలాంగ్ ద బీచ్ రోడ్, ద సబ్‌మెరైన్ లుక్డ్ హ్యూజ్." ఆ సబ్‌మెరైన్, ఐఎన్ఎస్ కురుసుర, 2001లో నేవీ నుంచి రిటైరైంది, 2002 నుంచి మ్యూజియంగా ఇసకలో కదలకుండా కూర్చుని ఉంది, ఈ వాక్యం ప్రకారం అది బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తోంది. దీన్ని డాంగ్లింగ్ పార్టిసిపుల్ అంటారు. రాశాక చెక్ చేసుకోవడం చాలా తేలిక, కామా తర్వాత వచ్చిన మొదటి మనిషినో వస్తువునో పట్టుకుని "ఈ పని చేసింది వీడేనా" అని అడగండి. సబ్‌మెరైన్ నడిచిందా? లేదు. అయితే "వాకింగ్ అలాంగ్ ద బీచ్ రోడ్, ఐ నోటీస్డ్ హౌ హ్యూజ్ ద సబ్‌మెరైన్ వాజ్" అని కర్తను సరిచేయండి. తెలుగులో మనం "నాకు కనిపించింది" అంటాం చూడండి, అక్కడే మోసం జరుగుతుంది, కనిపించింది సబ్‌మెరైన్ కాబట్టి కర్తగా దాన్ని తీసుకెళ్లి ముందు కూర్చోబెడతాం. "కనిపించింది, వినిపించింది, గుర్తొచ్చింది, అనిపించింది" ఉన్న వాక్యాలన్నింట్లోనూ ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఐ సా, ఐ హెర్డ్, ఐ రిమెంబర్డ్, ఐ ఫెల్ట్ అని మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

"తూ" అయింది, "తుంటే" అయింది, ఇంక మిగిలింది "చేసి". డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్ వెళ్లాడు. "ఫినిషింగ్ హిజ్ డిగ్రీ, హి వెంట్ టు హైదరాబాద్" అంటే అర్థమైతే అవుతుంది గానీ తేడాగా ఉంటుంది, ఇంగ్ మామూలుగా "అదే టైమ్‌లో" అన్న వాసన ఇస్తుంది. "ఈటింగ్ లంచ్, ఐ స్లెప్ట్" అంటే మరీ ఘోరం, ముద్ద నోట్లో పెట్టుకుని నిద్రపోయినట్టు. తిని, చేసి, చూసి, ఇలా ముందు పని అయిపోయింది అని చెప్పాలంటే "ఆఫ్టర్ ఈటింగ్ లంచ్" అనండి, కొంచెం రాతలో అయితే "హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ డిగ్రీ, హి వెంట్ టు హైదరాబాద్" అనండి. మాట్లాడేటప్పుడు హ్యావింగ్ ఫినిష్డ్ వాడితే కొంచెం ఎక్కువ చేస్తున్నట్టు ఉంటుంది, మెయిల్‌లో బాగుంటుంది. చేరగానే, రాగానే అనాలంటే ఆన్ ప్లస్ ఇంగ్ ఉంది, "ఆన్ రీచింగ్ సింహాచలం, వి కాల్డ్ హోమ్", ఇదీ రాతకే ఎక్కువ సూటవుతుంది, నోటితో అయితే "యాజ్ సూన్ యాజ్ వి రీచ్డ్" చాలు, అక్కడ ఇంగ్ లేదు.

కొంచెం ముందుకెళ్తే ఇంగ్ కడుపులోనే ఇంకో క్లాజ్ ఉంటుంది. "బస్సు వెళ్లిపోయిందనుకుని ఆటో ఎక్కాను." "థింకింగ్ దట్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్, ఐ టుక్ ఏన్ ఆటో." థింకింగ్‌కి టైమ్ లేదని చెప్పుకున్నాం కదా, మరి బస్సు సంగతి ఏ టైమ్‌లో పెట్టాలి? మెయిన్ వెర్బ్ టుక్ పాస్ట్‌లో ఉంది, దాన్ని బట్టే లోపల క్లాజ్ కూడా వెనక్కి జరుగుతుంది. ఆటో ఎక్కేముందే బస్సు వెళ్లిపోయిందనుకుంటే హ్యాడ్ లెఫ్ట్. అదే టైమ్‌లో లేట్ అవుతోందనుకుంటే "థింకింగ్ దట్ ద బస్ వాజ్ రన్నింగ్ లేట్". తర్వాత వాన వస్తుందేమో అనుకుంటే "థింకింగ్ దట్ ఇట్ వుడ్ రెయిన్, ఐ టుక్ ఏన్ అంబ్రెల్లా". తెలుగులో "వస్తుందనుకుని" అని ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తాం, ఇంగ్లిష్‌లో విల్ వెనక్కి జరిగి వుడ్ అవుతుంది. "వస్తున్నా అన్నాడు" కూడా ఇంతే, తెలుగులో వాడి మాట వాడి నోట్లోంచి వచ్చినట్టే ఉంచుతాం, ఇంగ్లిష్‌లో "హి సెడ్ హి వాజ్ కమింగ్". వాడింకా దారిలోనే ఉంటే ఈజ్ కమింగ్ అన్నా ఎవరూ కాదనరు.

తిరగేసి కూడా ఒకమాట. లోపల క్లాజ్ పాస్ట్‌లో ఉంది కదా అని బయట ఇంగ్‌ని కూడా పాస్ట్‌లోకి లాగక్కర్లేదు. "ఐ యామ్ స్టిల్ యూజింగ్ ద ఫోన్ ఐ బాట్ ఇన్ 2019", కొన్నది అప్పుడు, వాడుతున్నది ఇప్పుడు, ఎవరి టైమ్ వాళ్లది. మెయిల్‌లో "ఐ యామ్ రైటింగ్ బికాజ్ మై పార్సిల్ డిడ్ నాట్ అరైవ్" అనేది కూడా ఇలాంటిదే.

వెయిటింగ్ గురించి విడిగా చెప్పాలి, మన ఊళ్లో బస్టాపుల్లో దీంతో చాలా పని. ఎంతసేపు అన్నది చెప్తూ బస్సు రావడం కూడా చెప్పాలంటే "ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ ఏన్ అవర్ వెన్ ద బస్ కేమ్." గంటనుంచి అన్నారు కాబట్టి హ్యాడ్ బీన్. గంట మాట లేకపోతే వాజ్ వెయిటింగ్ చాలు. "వచ్చేవరకూ ఎదురుచూశాను" అయితే ఇంగ్ తీసేయండి, "ఐ వెయిటెడ్ అంటిల్ ఇట్ కేమ్". "ఎదురుచూస్తూనే ఉన్నా" అని విసుగు కూడా రావాలంటే "ఐ కెప్ట్ వెయిటింగ్", ఆ కెప్ట్‌లో మన "నే" ఉంది.

సా, హెర్డ్ తర్వాత ఇంగ్ వస్తే పనిలో ముక్క చూసినట్టు, ఉత్త వెర్బ్ వస్తే మొత్తం చూసినట్టు. "ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్" అంటే దాటుతుంటే చూశాను, అవతలికి చేరాడో లేదో తెలీదు. "ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్" అంటే దాటేశాడు, చూశాను. ఎన్ఏడీ జంక్షన్‌లో యాక్సిడెంట్‌కి సాక్షి చెప్పాల్సి వస్తే ఈ తేడా చాలా పెద్దది.

ప్రాక్టీస్‌కి టేబుల్ పక్కన పెట్టి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వాక్యాలే తీసుకోండి, ముందు "తూ"నా "తుంటే"నా "చేసి"నా "ఉండేవాణ్ణి"నా చూసుకుని ఆ తర్వాతే ఇంగ్లిష్ మొదలుపెట్టండి. ఒక మూడు ఇక్కడే చేద్దాం. "కైలాసగిరి ఎక్కుతుంటే ఫోన్ పడిపోయింది": ఎక్కింది నేను, పడింది ఫోన్, మనుషులు వేరు, కాబట్టి "యాజ్ ఐ వాజ్ క్లైంబింగ్ కైలాసగిరి, మై ఫోన్ ఫెల్." క్లైంబింగ్‌తో మొదలుపెడితే ఫోనే కొండెక్కుతుంది. "అమ్మతో మాట్లాడుతూ స్టాప్ దాటేశాను": ఒకే మనిషి, "టాకింగ్ టు మై మదర్, ఐ మిస్డ్ మై స్టాప్", లేదా ముందు ఒక వైల్ తగిలించండి, ఇంకా స్పష్టంగా ఉంటుంది. మూడోది 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్క్ దగ్గర బంగ్లాదేశ్ కార్గో షిప్ ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పటిది: "షిప్ వచ్చిందని విని చూడ్డానికి వెళ్తే అప్పటికే జనం ఫోటోలు తీసుకుంటున్నారు." విని అంటే ముందే అయిపోయింది, హ్యావింగ్ హెర్డ్. షిప్ రావడం దానికంటే ముందు, హ్యాడ్ కమ్. వెళ్లడం పాస్ట్, వెంట్. జనం అప్పటికే తీస్తున్నారు, వర్ టేకింగ్. "హ్యావింగ్ హెర్డ్ దట్ ఎ షిప్ హ్యాడ్ కమ్ అషోర్, ఐ వెంట్ టు సీ ఇట్, బట్ పీపుల్ వర్ ఆల్రెడీ టేకింగ్ ఫోటోస్." మాట్లాడేటప్పుడు ఇంత పొడుగు వద్దనిపిస్తే "ఐ హెర్డ్ ఎ షిప్ హ్యాడ్ కమ్ అషోర్, సో ఐ వెంట్ టు సీ ఇట్" అని రెండు ముక్కలు చేసుకోండి, వర్ టేకింగ్ మాత్రం మార్చకండి.